మస్తానన్నా, ఆకుపచ్చ మిషనూ

ఈ ఉదయం దుకాణం షట్టర్ ఎత్తి, మొదటి హోస్ గొట్టాన్ని రంపం కింద పెట్టి కోశాను. లోపలి ఉక్కు తీగలు తెగేటప్పుడు కాలిన రబ్బరు వాసన గుప్పుమంటుంది. చాలామందికి అది తలనొప్పి తెప్పించే వాసన. నాకు మాత్రం అది తగలగానే మొహం మీదికి నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ వాసన వెనకాలే మస్తానన్న వస్తాడు. ముందు ఆయన దగ్గు, తర్వాత ఆయన పొట్ట, ఆ తర్వాత ఆయన. బతికున్న మనిషిని, అదీ రాయచోటిలో నిక్షేపంగా ఉన్న మనిషిని ఇలా తలుచుకుంటున్నానని తెలిస్తే నాలుగు తిడతాడు. అయినా రాయాలనిపించింది.

ఆయన పూర్తి పేరు మస్తాన్ వలీ. రాయచోటి పక్కన ఒక పల్లె. నాది నిజామాబాదు జిల్లా, ఆర్మూరు దగ్గర. ఊళ్లో ఉండగా రాయచోటి ఏ దిక్కున ఉంటుందో కూడా నాకు తెలియదు. సౌదీలో, కువైట్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఖఫ్జీలో, వర్క్‌షాపులన్నీ ఒకేచోట ఉండే సనాయియాలో, ఇద్దరం ఒకే రేకుల కప్పు కింద పడ్డాం. జేసీబీ చెయ్యి లేవాలన్నా, క్రేను బరువెత్తాలన్నా లోపల నూనె ఒత్తిడి కావాలి. ఆ నూనెను మోసే లావాటి నల్ల గొట్టాలే హోస్‌లు. మా దుకాణంలో వాటిని తయారు చేస్తాం. గొట్టం కోసి, చివర్లో ఇనుప ఫిట్టింగు దూర్చి, దాని మీద కడియం లాంటి ముక్క తొడిగి, ఆ కడియాన్ని ప్రెస్సులో పెట్టి చుట్టూ సమానంగా నొక్కాలి. నొక్కుడు తక్కువైతే ఒత్తిడికి ఫిట్టింగు ఊడి తూటాలా ఎగిరిపోతుంది. ఎక్కువైతే లోపలి తీగలు దెబ్బతింటాయి. మా విద్య మొత్తం ఆ నొక్కుడులోనే ఉంది.

నేను అక్కడికి చేరడం రంగుల పుణ్యమే. నితాకాత్ రూలు వచ్చిన కొత్త రోజులవి. సౌదీ వాళ్లను తగినంతమందిని పనిలో పెట్టుకున్న కంపెనీ ఆకుపచ్చ, అంతంతమాత్రంగా పెట్టుకున్నది పసుపు, అసలు పట్టించుకోనిది ఎరుపు. ఎరుపులో పడ్డవాళ్లకు ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ లేదు. అప్పట్లో దమ్మామ్‌లో మనవాళ్లిద్దరు ఎదురుపడితే బాగున్నావా అని అడగడం మానేశారు. మీ కంపెనీ ఏ రంగు అని అడిగేవాళ్లు. నేను సెంట్రింగ్ హెల్పర్‌గా ఉన్న కంపెనీ ఎర్రగా మారిపోయింది. అయితే ఎరుపులో ఉన్నవాళ్లు మంచి రంగున్న చోటికి మారొచ్చన్నారు. ఎవరో చెబితే ఖఫ్జీలో అబూ ఫహద్ అనే ఆయన హోస్ దుకాణానికి వెళ్లాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, లోపల ఉన్న మస్తానన్నను పిలిచి, వీడు పనికొస్తాడేమో చూడమని వెళ్లిపోయాడు.

మస్తానన్న నన్ను ఏమీ అడగలేదు. తాగేసిన సులేమానీ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, వెర్నియర్ కాలిపర్ నా చేతికిచ్చాడు.

"ఈ గలాసు మూతి కొల్సి సెప్పు. మూడు సోట్ల కొల్సు."

నేను ఒకచోట కొలిచి అంకె చెప్పాను.

"మూడు సోట్ల అంటి గదరా?"

"గుండ్రంగనే ఉన్నది గదన్నా. యాడ గొల్సినా అంతే ఉంటది."

"గుండ్రంగా ఉండాదని నీకెవురు జెప్పినారు?"

కొలిచాను. మూడుచోట్లా మూడు అంకెలొచ్చాయి. నా తెల్లబోయిన మొహం చూసి ఆయన ఎంత సంబరపడ్డాడంటే, ఆ గ్లాసు ఆయనే తయారు చేసినట్టు. మళ్లీ కొలిచి తప్పు ఒప్పుకున్నావు కాబట్టి పనికొస్తావన్నాడు. ఆ సాయంత్రం వాళ్లింటికి తీసుకెళ్లి, వదిన చేసిన రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టించాడు. సంగటి ముద్దను నేను నమలబోతే పిల్లలు ముగ్గురూ పడీ పడీ నవ్వారు. దాన్ని మింగాలని నాకెవరూ చెప్పలేదు మరి.

తర్వాతి సంవత్సరాల్లో గొట్టాలు కోశాను, కడిగాను, మోశాను, ట్యాగులు కట్టాను. ట్యాగు విషయంలో ఆయనకొక పట్టింపు ఉండేది. హోస్ కావాలని ఎవరొచ్చినా, కొలతలన్నీ అడిగాక చివర్న "దీని పక్కన నిలబడేదెవురు?" అనేవాడు. కంపెనీ పేరు చెబితే ఒప్పుకునేవాడు కాదు. ఆ మిషను నడిపే మనిషి పేరే కావాలి. రంజాన్, గోపాల్, షఫీక్, ఎవరైతే వాళ్ల పేరు ట్యాగు మీద రాయించేవాడు. కొందరు విసుక్కునేవాళ్లు, ఈ ముసలాయనకు మతి చలించిందని నవ్వుకునేవాళ్లు. ఆయన లెక్కచేసేవాడు కాదు. కంపెనీకి దెబ్బ తగలదు, మనిషికి తగులుతుంది అనేవాడు.

ప్రెస్సు మాత్రం నా చేతికి ఇచ్చేవాడు కాదు. దాచుకుని కాదు. మా దుకాణంలో ఉన్నది పాత కరెంటు ప్రెస్సు, దాని అంకెలన్నీ అరిగిపోయాయి. మోటారు గొంతు మారడం విని, ఇక చాలని ఆపేసేవాడు. కొలిస్తే సరిగ్గా ఉండేది. ఆ చెవులు నాకు లేవు. ఆయన ఉన్నన్నాళ్లూ నాకు అవసరమూ పడలేదు. ఎప్పటికీ ఉంటాడనుకున్నాను, అదీ నా తెలివి.

ఆ తర్వాత లెవీలు వచ్చాయి. కుటుంబాన్ని దగ్గర పెట్టుకున్నవాళ్లు తలకింత అని కట్టాలి, అది ఏటేటా పెరుగుతుంది. వదిన, ముగ్గురు పిల్లలు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"లింబాద్రీ, మేమందరం ఫైనల్ ఎగ్జిట్ కొట్టిచ్చుకోని పోతాండాం. ఇంగ మూడు నెలలు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన మాత్రం తన మామిడిచెట్ల కాయను సీజన్లో చెట్టు కింద నిలబడి ఒక్కసారీ తినలేదని, ఈసారి తింటానని చెప్పుకుంటూ పోయాడు. బాధపడటానికి కూడా నాకు సందు ఇవ్వలేదు.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. అబూ ఫహద్ వచ్చి తన నిర్ణయం చెప్పాడు. పాత ప్రెస్సు పగులు పట్టింది, దాన్ని నడిపే మనిషి వెళ్లిపోతున్నాడు. చిన్న దుకాణాల్లోనూ ఒక సౌదీ మనిషి ఉండాలని రూలు వచ్చాక సాలిం అనే ఆయన పేరు కాగితాల్లో పెట్టాడు కానీ, ఆ సాలిం నెలాఖరుకు తప్ప కనపడడు. లేబర్ ఆఫీసు వాళ్లు ఏ రోజు తనిఖీకి వచ్చినా పట్టుబడటమే. కాబట్టి ఒక కొత్త ప్రెస్సు కొంటాడు. మస్తాన్ విమానం ఎక్కేలోపు నేను దాని మీద నిలదొక్కుకుంటే దుకాణం ఉంటుంది, నా ఇఖామా రెన్యువల్ అవుతుంది. లేదంటే షట్టర్ దించేస్తాడు, నేను ఇంటికి. ఆయన మాటలో కోపం లేదు, అందుకే ఎక్కువ భయమేసింది. ఇంటికి వెళ్లడం నాకు శిక్షేం కాదు. కానీ అన్నేళ్ల తర్వాత కూడా చేతిలో విద్య లేని హెల్పర్‌గానే వెళ్లాలా అన్నదే నా దిగులు.

ఏ ప్రెస్సు కొనాలో మస్తానన్న చెబుతాడనుకున్నాను. దమ్మామ్ దాకా దారి పొడుగునా అడిగాను. ఆయన పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

"నేను పోతాండా. దాంతో కాపరం జేసేది నువ్వు. పెండ్లిసూపులకు నేనొచ్చి పిల్లను నచ్చుకుంటే యట్లరా? నువ్వే ఏరుకో."

షోరూంలో నేను కొత్త పెళ్లికొడుకు లాగే తిరిగాను. మూలన ఒక బూడిదరంగు ప్రెస్సు ఉంది. పక్కన పొడవాటి పంపు లివరు, దాన్ని చేత్తో కొడుతూ ఒక్కో హోసే నొక్కాలి. దాని మీద దుమ్ము. మధ్యలో, దీపాల కింద, ఆకుపచ్చ రంగు ఆటోమేటిక్ మిషను. తెర మీద అంకె నొక్కితే చాలు, కడియాన్ని మెత్తగా పట్టుకుని, నొక్కి, వదిలేసి, అయిపోయిందని కూత పెడుతుంది. మలయాళీ సేల్స్‌మన్ హిందీలో దాని గుణగణాలు చెబుతుంటే నేను దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఏమీ రానివాడికి ఇంతకంటే ఏం కావాలి? మిషనుకే అన్నీ వచ్చు. పైగా ఇంకో కారణం ఉంది, దాన్ని మస్తానన్న చెవిలో చెప్పాను.

"అన్నా, గిది గ్రీన్ ఉన్నది. ఎర్ర కంపెనీల ఉండి ఎంత గోస పడ్డనో నీకెర్కే గదా. గ్రీన్ మనకు కలిసొస్తది."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను వేళాకోళం ఆడటం లేదని అర్థమై, పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడి, కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. సేల్స్‌మన్ కంగారుపడి నీళ్లు తెచ్చాడు. కళ్లు తుడుచుకున్నాక కూడా ఆయన వద్దనలేదు, మంచిదనలేదు. ఒక్కటే అడిగాడు, అదీ సేల్స్‌మన్‌ను. "నచ్చకుంటే ఎన్ని దినాల్లోపల వాపసు దీసుకుంటారు?" అని హిందీలో. పదిహేను రోజులన్నాడు. ఆ మాట బిల్లు మీద రాయించి, సంతకం పెట్టించి, జేబులో పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. నా ఎంపిక మీద ఈయనకు ఇంత నమ్మకమా అనుకుని ఖఫ్జీ దాకా మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆయన మాత్రం దారిలో ఆగినచోటల్లా "గ్రీన్ టీ తాగుతావా?" అని అడుగుతూ వచ్చాడు.

మొదటి అయిదు రోజులు నక్కతోక తొక్కినట్టే ఉంది. సాయంత్రానికి హోస్‌లు కుప్ప పడేవి. అబూ ఫహద్ వచ్చి మిషన్‌ను తట్టి, నన్ను తట్టి వెళ్లేవాడు. నేను ఈల వేసుకుంటూ పనిచేస్తుంటే మస్తానన్న ఓ మూల కూర్చుని ట్యాగులకు దారాలు కట్టేవాడు. అంత పెద్ద పనివాడు దారాలు కడుతుంటే నాకు కొంచెం జాలి, నిజం చెప్పాలంటే కొంచెం గర్వం కూడా కలిగాయి.

ఆరో రోజు ఒక క్రేను హోస్ వచ్చింది. పక్కన నిలబడేవాడి పేరు అక్రమ్. రాసుకున్నాను. పట్టికలో అంకె చూసి, తెర మీద నొక్కి, కూత విని, తీసి చూశాను. ముచ్చటగా ఉంది. ఇక పరీక్ష. ప్రతి హోస్‌నూ మందపాటి ఇనుప పెట్టెలో పెట్టి, మూత బిగించి, అది మోయాల్సిన దానికంటే ఎక్కువ ఒత్తిడి ఎక్కించి చూడటం మా దుకాణం పద్ధతి. ఆ పెట్టెను మస్తానన్నే వెల్డింగ్ చేసుకున్నాడు. ఒత్తిడి ఎక్కిస్తున్నాను, ముల్లు పైకి పోతోంది, పోతోంది, ఒక్కసారిగా పెట్టె మొత్తం ఎగిరిపడ్డట్టు చప్పుడు. వీధిలో వాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. పంపు ఆపి, ఒత్తిడి దిగాక మూత తీస్తే ఫిట్టింగు ఊడి, అవతలి గోడకు గుద్దుకుని, ఉక్కులో సొట్ట చేసి పడి ఉంది. నూనెలో తడిసిన ట్యాగు మీద అక్రమ్ అని ఉంది. నా చేతిరాతే. అక్కడే కూర్చుండిపోయాను.

మస్తానన్న గ్లాసు కింద పెట్టి వచ్చాడు. లోపలికి తొంగి చూశాడు.

"ఎవురికన్నా తగిల్నాదా?"

"లేదన్నా."

"పెట్టె పగిల్నాదా?"

"లేదు."

"మరింక ఏడుపెందుకురా? లేసి టీ తాగు."

టీ తాగాక పట్టిక ముందు పెట్టాడు. తప్పు నాదే. రెండు పొరల తీగ ఉన్న గొట్టానికి, నాలుగు పొరల గొట్టం వరసలోని అంకె చూశాను. లావు గొట్టం అంకె సన్న గొట్టానికి పెడితే నొక్కుడు చాలదు. మిషను నేనడిగిన అంకెనే పెట్టింది, నేనడిగినట్టే నొక్కింది, చక్కగా కూత కూడా పెట్టింది. దాన్ని తిట్టడానికేం లేదు. కాలిపర్‌తో కొలిచినా ఆ తప్పుడు అంకే వచ్చేది. నేను అది కూడా చేయలేదు, తెర మీద కనపడుతోంది కదా అని. ఆ మాట చెప్పడానికి చాలా సిగ్గేసింది.

ఆయన స్టోరు లోంచి ఒక పాత చేతిపంపు ప్రెస్సును ఈడ్చుకొచ్చాడు. తను నేర్చుకున్నది దాని మీదేనట. సీళ్లు పోయి నూనె కారుతోంది. అదే తప్పు అంకె పెట్టి, గొట్టం దూర్చి, లివరు నా చేతికిచ్చాడు. కొట్టాను. కొంచెం బిగువు తగిలింది, అంకె దగ్గర ఆగిపోయింది. తర్వాత సరైన అంకె పెట్టి ఇంకోటి కొట్టమన్నాడు. ఈసారి లివరు బరువెక్కుతూ పోయింది. రబ్బరు ఒదిగి, కడియం తీగలను కరిచిపట్టుకున్న ఆ క్షణం నా భుజం దాకా తెలిసింది.

"అన్నా, తెలుస్తున్నదే! మొదటిది వదులుగనే ఉండె. చెయ్యికి తెలుస్తున్నది!"

"తెలుస్తాందా?"

"తెలుస్తున్నదన్నా!"

ఎన్నిసార్లు అన్నానో. ముప్పై దాటిన మనిషిని, చిన్నపిల్లాడిలా ఎగిరాను. కళ్లు మూసుకుని కొట్టి, ఏది రెండు పొరలదో ఏది నాలుగు పొరలదో చెప్పే ఆట మొదలుపెట్టాం. ఆయన మార్చి మార్చి పెడుతుంటే నేను చెప్పేవాణ్ని. తప్పు చెబితే ఒక గుంజీ. మొదటి రోజు చాలా గుంజీలు తీశాను. మూడో రోజుకు ఒక్కటీ లేదు. అంత సంతోషంగా పని నేర్చుకోవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. సెంట్రింగ్‌లో నాకు పని నేర్పింది తిట్లే.

కోపం కూడా వచ్చింది. దమ్మామ్‌లోనే ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"సెప్పింటే వింటాంటివా?"

"వింటుంటి అన్నా, నీ మాట ఎప్పుడన్న కాదన్ననా?"

"అదే గదా. నా మాట ఇని, నా మిషను కొంటాంటివి. రేపు నేను బొయినాక దానికేదన్నా అయితే, మస్తానన్న కొనిపిచ్చినాడు అనుకోని కూసుంటాంటివి. ఇప్పుడు నీకేం గావాల్నో నీ సెయ్యే జెప్తాది."

తొమ్మిదో రోజు ఆకుపచ్చ మిషన్‌ను దమ్మామ్ తీసుకెళ్లి, బిల్లు మీది సంతకం చూపించి తిరిగిచ్చేశాను. మూలనున్న బూడిదరంగు దాన్ని నేనే దుమ్ము తుడిచి తెచ్చుకున్నాను. అబూ ఫహద్ దాన్ని చూసి తలగుడ్డ మీద చుట్టుకున్న నల్లతాడు, ఇఖాల్, సర్దుకున్నాడు. "లింబా, ముఖ్ మాఫీ?" అన్నాడు. నీకు బుర్ర లేదా అని. గుర్రాన్నిచ్చి గాడిదను తెచ్చుకున్నావని, మస్తాన్ వెళ్లే రోజుకు ఈ గాడిద దుకాణాన్ని లాగకపోతే తన నిర్ణయంలో మార్పు ఉండదని అరిచి వెళ్లాడు. ఆయన కోపంలోనూ న్యాయం ఉంది. పైగా ఇంకో చిక్కు అప్పుడే తెలిసింది. ఒక చేత్తో లివరు కొడుతూ ఇంకో చేత్తో నాలుగు మీటర్ల గొట్టాన్ని తిన్నగా పట్టుకోవడం ఒక్కడి వల్ల కాదు. ఆకుపచ్చ దానికి మనిషే అక్కర్లేదు. దీనికి ఇద్దరు కావాలి. మస్తానన్న ఉన్నన్నాళ్లూ సరే, తర్వాత?

ఆ సాయంత్రం ఆయన నన్ను తీసుకుని సాలిం ఇంటికి వెళ్లాడు. సాలిం కోస్ట్‌గార్డ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, యాభై దాటాయి, గుమ్మం నిండా ఉంటాడు. కాగితాల్లో మాతో పనిచేస్తున్నాడు కానీ నాతో మాట్లాడటం అదే మొదలు. గహ్వా కాఫీ పోశాడు. మస్తానన్న ఖర్జూరాలు తింటూ అరబీలో ఊళ్లో సంగతులన్నీ మాట్లాడి, లేవబోతూ మాత్రం ఒక మాటన్నాడు. కొత్త ప్రెస్సు లివరు మరీ గట్టిది, దాన్ని కొట్టే బలం ఉన్న మనిషి ఖఫ్జీలో దొరకడం లేదు, పాపం ఈ లింబాద్రికి చేతులు పోతున్నాయి, అని. మర్నాడు పొద్దున మాకంటే ముందు సాలిం దుకాణం ముందు నిలబడి ఉన్నాడు.

ఆ రోజు నుంచి నాకు పండగే. సాలిం లివరు ఒక్క ఊపుతో కొట్టేవాడు, నేను గొట్టం పట్టేవాణ్ని. తర్వాత మార్చుకునేవాళ్లం. పడవ ఇంజన్లతో బతికిన మనిషి కాబట్టి పట్టు తెలియడానికి ఆయనకు వారం పట్టలేదు. కొలవడం నేర్పితే మూడుచోట్ల సరిపోదని అయిదుచోట్ల కొలిచేవాడు. మస్తానన్నను మించిన చాదస్తం. కొలతలు చాలుగానీ అన్నం తిందాం రమ్మంటే, ఇంకొక్కసారి అని వేలు చూపేవాడు. నా అరబీ, ఆయన హిందీ రెండూ అంతంతమాత్రమే. అయినా మేం పొద్దంతా మాట్లాడుకునేవాళ్లం. ఇంట్లో కూర్చుని జీతం తీసుకోవడం కంటే ఇదే నిద్ర బాగా పట్టిస్తోందని ఒకసారి చెప్పాడు.

మస్తానన్న ప్రయాణానికి వారం ఉందనగా లేబర్ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. అబూ ఫహద్ వాళ్ల వెనకే పరుగున వచ్చాడు. వాళ్లు ఫైలు తెరిచి, సాలిం ఎవరని అడిగారు. అప్పుడు సాలిం పరీక్ష పెట్టె దగ్గర ఉన్నాడు, మోచేతుల దాకా నూనె. తల తిప్పకుండానే చెయ్యెత్తి, ఒత్తిడి ఎక్కుతోంది, నేల మీది గీత అవతల నిలబడండి అన్నాడు. తనిఖీకి వచ్చినవాళ్లను! వాళ్లు బుద్ధిగా గీత అవతలికి వెళ్లారు. పరీక్ష అయ్యేదాకా నిలబడ్డారు. ఆ తర్వాత సాలిం వాళ్లకు మొత్తం పని చూపించాడు, అయిదుచోట్ల కొలిచి మరీ. చేతులు చూపించమని వాళ్లు అడగాల్సిన అవసరం రాలేదు. వెళ్తూ వెళ్తూ ఒకాయన, తన తోటలోని ట్రాక్టరుకు హోస్ కావాలన్నాడు. దాని పక్కన నిలబడేదెవరని సాలిం అరబీలో అడిగాడు. నేను నవ్వాపుకోలేక స్టోరులోకి వెళ్లాను. అక్కడ మస్తానన్న అప్పటికే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

దుకాణం నిలిచింది. అబూ ఫహద్ నా ఇఖామా రెన్యువల్ చేయించాడు. అందులో నా వృత్తి మారింది, లేబర్ అని ఉన్నచోట టెక్నీషియన్ అని వచ్చింది. ఆ కార్డును మస్తానన్న చేతిలో పెడితే, కళ్లకు దూరంగా పట్టుకుని చదివి, ఫొటోలో మాత్రం ఇంకా సెంట్రింగోడి లాగే ఉన్నావన్నాడు.

దమ్మామ్ ఎయిర్‌పోర్టుకు సాలిం తన బండిలోనే అందరినీ తీసుకెళ్లాడు. తాళ్లు కట్టిన అట్టపెట్టెలు, పిల్లల గోల, వదిన కళ్లనీళ్లు, మధ్యలో మస్తానన్న పొట్ట. ఆఖరుసారి అడిగాను.

"అన్నా, నిజం చెప్పు. ఆ ప్రెస్సుకు ఇద్దరు గావాలె, సాలిం వస్తడు, దుకాణం నిలుస్తదని నీకు ముందే ఎర్కనా?"

"ఒట్టు, నాకేం దెల్సురా? నాలుగు దినాలు సెమట కారుస్తావనుకుంటి, అంతే."

అంతే అన్నాడు, కావలించుకున్నాడు, వెళ్లిపోయాడు. ఆ మనిషి మీద నాకున్న ప్రేమను నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, మా మధ్య అలాంటి మాటలు నడవవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నన్ను కన్నవాళ్ల తర్వాత ఈ లోకంలో నన్ను మనిషిగా నిలబెట్టింది ఆయనే.

పోయిన ఏడాది దుకాణం పెరిగి రెండో ప్రెస్సు కావాల్సి వచ్చింది. దాన్ని ఏరుకునే పని సాలింకు అప్పగించాను. షోరూంలో ఆయన ఒక పెద్ద ఆటోమేటిక్ మిషను చుట్టూ తిరుగుతుంటే, నేను కుర్చీలో కూర్చుని నాలుక కరుచుకున్నాను. నోరు విప్పకుండా ఉండటానికి తల ప్రాణం తోకకొచ్చింది. సాలిం తనకు నచ్చిందే కొన్నాడు. ఇంటికొచ్చాక రాయచోటికి ఫోన్ చేశాను.

"అన్నా, తెలిసీ చెప్పకుంట కూసునుడు ఇంత కష్టమా? నువ్వెట్ల ఉన్నవే అన్ని దినాలు?"

అవతల కాసేపు దగ్గు. తర్వాత నవ్వు.

"ఇప్పుడు జెప్పినా పర్వాల్యా. నీ ఆకుపచ్చ మిషను ఉన్నన్ని దినాలూ, సాయంత్రం నువ్వు రూముకు బొయినాక, నువ్వు జేసిన ప్రెతి హోసూ నేను మళ్లా పట్టికలో జూసి, మళ్లా కొల్సి, ఆ తర్వాతనే ఇంటికి పోతాంటిరా. మీ వదిన రోజూ తిడ్తాండె, కూడు సల్లగైపోతాందని."

ఫోన్ పెట్టేశాను. ఈల వేసుకుంటూ గర్వంగా రూముకు వెళ్లిన ఆ సాయంత్రాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నా గర్వాన్ని చెడగొట్టకుండా, ఎవరికీ దెబ్బ తగలకుండా, రోజూ చల్లటి అన్నం తిన్నాడు.

ఇప్పుడు సాయంత్రం సాలిం ఇంటికి వెళ్లాక, కొత్త మిషను మీద ఆయన చేసిన హోస్‌లన్నీ నేను మళ్లీ కొలుస్తాను. ఆయనకు చెప్పకండి.